గుండెల మీద బొమ్మ, వీపు మీద పేరు

సాత్విక్ సాయిరాజ్ వీపు ఎప్పుడైనా పరకాయించి చూశారా? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నాను. మన అమలాపురం కుర్రాడి స్మాష్ గురించి అందరూ చెప్పుకుంటారు. 2023లో జపాన్‌లోని సైతామాలో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో కొట్టి గిన్నిస్ పుస్తకానికెక్కాడని ఇక్కడ ఎలిమెంటరీ స్కూలు పిల్లాడిని లేపి అడిగినా చెబుతాడు. నా దృష్టి మాత్రం ఎప్పుడూ ఆ వీపు మీదే ఉంటుంది. అక్కడ ఇంటిపేరు రంకిరెడ్డి, ఇంగ్లీషులో పది అక్షరాలు. పక్కన ఆడే చిరాగ్ శెట్టిది ఆరే. ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య నిబంధనల ప్రకారం వీపు మీద పేరు పెద్ద రోమన్ అక్షరాల్లో, చొక్కా రంగుకు ఎదురు తిరిగే ఒకే రంగులో, 6 నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. శెట్టిగారి పేరు వీపు మధ్యన దర్జాగా కూర్చుంటుంది. రంకిరెడ్డివారి పేరు కనీసం ఎత్తు పెట్టినా ఈ రెక్క ఎముక నుంచి ఆ రెక్క ఎముక దాకా పరుచుకుంటుంది. మనిషికి చెమట ధారగా కారేది సరిగ్గా అక్కడే కదండీ!

ఇవాళ్టి కబురు అదే. ఆటగాడి చొక్కా మీద బొమ్మ దేనితో వెయ్యాలి, పేరు దేనితో అంటించాలి? ఇదీ ఒక కబురేనా అంటారేమో. మన వైపు రావులపాలెం నుంచి రాజోలు దాకా ఏ ఊళ్ళో చూసినా వాలీబాల్ నెట్టు కట్టి ఉంటుంది, కబడ్డీ జట్టు ఉంటుంది, క్రికెట్ జట్లయితే వీధికి రెండు. టోర్నమెంటు అనగానే మొదట పుట్టేది జెర్సీ గొడవ. పులి బొమ్మా, గద్ద బొమ్మా, ముందు ఎవరి ఫొటో ఉండాలి, రైసుమిల్లు ఆయన పేరు పైనా కిందా అని వాట్సాప్ గ్రూపులో తెల్లవార్లూ కొట్టుకుంటారు. ఆ బొమ్మ చొక్కాలోకి ఇంకుతుందా, చొక్కా మీద అట్టలా నిలబడుతుందా అని అడిగేవాడు ఒక్కడూ ఉండడు. ఆడేవాడికి కావలసింది ఆ ఒక్క సంగతేనండి.

మన గాలి ఎలాంటిదో మీకు చెప్పాలా? చుట్టూ గోదారి పాయలు, ఓ పక్క సముద్రం, నడుమ కొబ్బరితోటలు. ఊరికే అరుగు మీద కూర్చున్నా చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. గాలిలో తేమ నిండుగా ఉంటే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. నూలు బట్ట గాలిలోంచే తన బరువులో ఏడెనిమిది శాతం తేమ పట్టేసుకుంటుంది. ఆపైన చెమట తాగితే తడి గోనెలా బరువెక్కుతుంది. పాలియెస్టర్ పోగు అర శాతం కూడా పట్టదు. దాన్ని చిన్న చిన్న సందులతో అల్లితే చెమట ఆ సందుల వెంట పైకి పాకి, పరుచుకుని ఆరిపోతుంది. దుకాణాల్లో డాట్ నిట్ అనీ, రైస్ నిట్ అనీ చూపించేవి అందుకోసం అల్లినవే. ఇప్పుడు ఆ సందుల మీద జానెడు ప్లాస్టిక్ ముక్క అంటిస్తే ఏమవుతుంది? ఆ జానెడు మేరా కిటికీ మూసేసినట్టే. లోపల చెమట గుండెల మీద నిలబడిపోతుంది. డబ్బు పెట్టి గాలాడే బట్ట కొని, మళ్ళీ డబ్బు పెట్టి దాన్ని మూయించడం మన ఊళ్ళలో మామూలైపోయింది.

అందుకే ఆడే చొక్కాకి నా ఓటు సబ్లిమేషన్‌కి. ఫ్లెక్సీలు వేసే షాపుల్లో చాలామంది ఇప్పుడు ఈ పనీ పట్టారు, లేదా తిరుప్పూరు నుంచి చేయించి తెప్పిస్తారు. ముందు బొమ్మని కాయితం మీద తిరగేసి అచ్చువేస్తారు. ఆ కాయితాన్ని తెల్ల పాలియెస్టర్ బట్ట మీద పెట్టి 200 డిగ్రీల దరిదాపుల వేడితో ఓ నిమిషం పాటు నొక్కి ఉంచుతారు. ఆ వేడికి రంగు నీరుకాకుండానే నేరుగా ఆవిరవుతుంది. అదే వేడికి పాలియెస్టర్ పోగు కూడా కాస్త వదులవుతుంది. ఆవిరి పోగు లోపలికి దూరుతుంది, చల్లారేసరికి పోగు బిగుసుకుని రంగు లోపల ఉండిపోతుంది. చెయ్యి పెట్టి తడిమినా బొమ్మ ఎక్కడుందో తెలియదు. ఊడడానికి పైన ఏమీ లేదు, పగలడానికి పొర లేదు, సందులు మూసుకుపోలేదు. ఎంత పెద్ద పులిని వేసుకున్నా బరువు పెరగదు. రంగు ఎంత వేసినా పని ఒక్కటే కనుక నలుగురు దాతల పేర్లు వేసినా నలభైమందివి వేసినా పెద్ద తేడా లేదు. మన కుర్రాళ్ళు ఈ సౌకర్యాన్ని ఎంత దూరం తీసుకెళ్ళారో మీరు చూస్తూనే ఉన్నారు. చొక్కా నిండా నాయకుడు, హీరో, ఊరి దేవుడు, కువైట్‌లో ఉన్న అన్నయ్య.

దీనికీ పేచీలున్నాయి లెండి. మొదటిది, నూలు మీద పట్టదు. మన బండారులంక నేత ఎంత గొప్పదైనా ఆ నూలు బట్ట మీద సబ్లిమేషన్ వేస్తే రెండు ఉతుకులకి వెలిసిపోతుంది, ఆ రంగుకి నూలు పోగుతో పొత్తు కుదరదు మరి. రెండోది, తెల్ల ఇంకు అనేదే ఇందులో లేదు. తెలుపు కావాలంటే అక్కడ అచ్చువెయ్యకుండా వదిలెయ్యాలి, బట్ట తెలుపే తెలుపు. నల్ల చొక్కా కొని తెచ్చి దాని మీద సబ్లిమేషన్ చెయ్యమంటే ఎవరి వల్లా కాదు. నల్ల రంగుతో సహా మొత్తం తెల్ల బట్ట మీదే అచ్చువేసి, ఆ తర్వాత కత్తిరించి కుట్టాలి. మూడోది, మెరుపు రాదు.

ఈ మెరుపు దగ్గరే గొడవంతా. "బాబాయ్, కప్పు బొమ్మ గోల్డులో రావాలండి" అంటాడు కుర్రాడు. "ఆయ్, వస్తాదండి" అంటాడు షాపాయన, పండగ బేరం పోగొట్టుకోవడం ఇష్టం లేక. చివరికొచ్చేది పచ్చా గోధుమా కాని రంగు. బంగారం మెరిసేది వెలుగుని అద్దంలా తిప్పి కొట్టడం వల్ల. బట్టలో ఇంకిన రంగు ఆ పని చెయ్యలేదు. ఫోను తెర మీద కళ్ళు జిగేల్‌మనిపించే చిలకపచ్చ కూడా అంతే. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, మామూలు నాలుగు ఇంకుల యంత్రం అంత మంట పుట్టించలేదు. ఫ్లోరసెంట్ ఇంకులున్న యంత్రమైతే సరే, అది ఉందో లేదో ముందే కనుక్కోవాలి. ఉట్టినే గోల్డు మీద పంతం పట్టి ఫాయిల్ వినైల్ అంటించుకున్నవాళ్ళ చొక్కాలు నేను చాలా చూశాను. మొదటి ఆటకి మహారాజులు. నెల తిరిగేసరికి కప్పు బొమ్మ నిండా బీటలు.

వినైల్ అంటే ఏమిటో కూడా చెప్పుకుందాం. పలచటి ప్లాస్టిక్ షీటు, వెనక వేడికి కరిగే జిగురు. ప్లాటర్ అనే కత్తి మిషను అక్షరాన్ని తిరగేసి కోస్తుంది. అక్కర్లేని ముక్కల్ని ఓ మనిషి కూర్చుని సూదిమొనతో పీకాలి. తర్వాత హీట్ ప్రెస్సులో 150 డిగ్రీల పైచిలుకు వేడితో పది పదిహేను సెకన్లు నొక్కితే అంటుకుంటుంది. ఇందులో పీవీసీ రకం దళసరి, బిర్రుగా ఉంటుంది. పీయూ, అంటే పాలియూరిథేన్ రకం పలచన, బట్టతోపాటు సాగుతుంది. ఆటకి పీయూ అని అడగండి. ఒకే చొక్కాకి ఒక్కో పేరు మార్చి వెయ్యాలన్నా, ఆఖరి నిమిషంలో కొత్తవాడు జట్టులోకి వచ్చినా వినైల్‌ని మించింది లేదు. పెద్ద క్లబ్బుల అంకెలకి చిల్లులు పొడిచిన వినైల్ వాడతారు, ఆ చిల్లుల్లోంచి గాలాడుతుందని. ఒకప్పుడు, అంటే 1990ల్లో, ఫుట్‌బాల్ చొక్కాల మీద మఖమల్ లాంటి నూగుతో ఉండే ఫ్లాక్ అక్షరాలు గొప్ప ఫ్యాషను. ముట్టుకుంటే భలే ఉండేవి, తడిస్తే మాత్రం బరువు.

ఇప్పుడు రాజ్యమేలుతున్నది డీటీఎఫ్, అంటే డైరెక్ట్ టు ఫిల్మ్. ఫిల్ము మీద ముందు రంగులు, వాటి మీద తెలుపు అచ్చువేస్తారు. తడి ఆరకముందే జిగురు పొడి చల్లి, కరిగించి, చొక్కా మీద పెట్టి నొక్కి, ఫిల్ము లాగేస్తారు. ఆత్రేయపురంలో కాలిన కుండ మీంచి పూతరేకు తీసే చెయ్యి ఎంత నేర్పుగా లేస్తుందో, ఈ ఫిల్ము లాగే చెయ్యీ అంత నేర్పుగా లేవాలి. వేడి మీద లాగాల్సిన రకం చల్లార్చి లాగినా, చల్లార్చి లాగాల్సింది వేడిగా లాగినా అంచులు లేచిపోతాయి. ఏ బట్టయినా, ఏ రంగయినా, ఎన్ని రంగులైనా దీనికి అడ్డు లేదు. రొమ్ము మీద మూడంగుళాల లోగోకి బ్రహ్మాండం. చొక్కా ముందంతా పరిచారో, రబ్బరు గుడ్డ కట్టుకుని ఆడినట్టే. తెలివైన డిజైనరైతే బొమ్మని గుత్తంగా కాకుండా చుక్కలు చుక్కలుగా, గీతలు గీతలుగా విడగొడతాడు. మధ్య మధ్య బట్ట కనిపిస్తుంది, గాలీ ఆడుతుంది. ఇది అడిగితే చేస్తారు. అడగాలి, అంతే.

ఇంకో చిత్రం ఉంది, ఇది తెలియక గొడవలు పడ్డ జట్లు చాలా ఉన్నాయి. మెరూన్ రంగు పాలియెస్టర్ చొక్కా మీద తెల్లటి లోగో అంటిస్తారు. పట్టుకెళ్ళేటప్పుడు మల్లెపువ్వులా ఉంటుంది. వారం తిరక్కుండా గులాబీ రంగులోకి దిగుతుంది. షాపాయన నాసిరకం సరుకు వేశాడని వీళ్ళు, మీరే రంగు బట్టలతో కలిపి నానబెట్టారని ఆయన. ఇద్దరి తప్పూ కాకపోవచ్చు. ఆ పాలియెస్టర్ బట్టకి వేసిన రంగు కూడా, ఇందాక చెప్పుకున్న వేడికి ఆవిరయ్యే జాతిదే. హీట్ ప్రెస్ నొక్కినప్పుడు ఆ మెరూన్ రంగే కదిలి, పైనున్న తెల్ల పొరలోకి నెమ్మదిగా పాకుతుంది. ఎరుపు జాతి రంగులు ఈ విషయంలో మహా అల్లరివి. దీనికి మందు మూడు రకాలు. రంగుని ఆపే నల్లని లేదా బూడిదరంగు అడ్డు పొర ఉన్న షీటు వాడటం, తక్కువ వేడికి అంటుకునే జిగురు తీసుకోవడం, లేదా అసలు తెల్ల బట్ట మీద మెరూన్ అచ్చువేసి లోగో మేరకు తెలుపు వదిలేయడం. మూడోది చేస్తే పాకడానికి పొరే ఉండదు.

కబడ్డీవాళ్ళకి నేను మరీ గట్టిగా చెబుతాను. ప్రొ కబడ్డీ 2014లో మొదలై తెలుగు టైటాన్స్‌ని టీవీలో చూసినప్పటి నుంచి మన కుర్రాళ్ళకీ ఆ బిగుతు చొక్కాల మీద మోజు పుట్టింది. మ్యాటు మీద ఆడేవాడి సంగతి వేరు. మనం ఆడేది కొబ్బరితోట పక్కన మన్ను దున్ని నీళ్ళు చల్లిన బరిలో. రైడరు గీత అందుకోవడానికి రొమ్ము నేలకేసి పాకుతాడు. గుండెల మీద అంటించిన లోగో ప్రతిసారీ ఇసకతో గీకించుకుంటుంది. చొక్కా పట్టుకు లాగడం ఫౌలని రూలు ఉంది గానీ, నలుగురు మీద పడ్డాక ఎవరి గుప్పిట్లో ఏముందో ఎవరు చూడొచ్చారు? వినైల్ అంచు ఓసారి లేచిందంటే మన్ను దాని కిందకి దూరుతుంది, ఇక జిగురు పని అయిపోయినట్టే. కబడ్డీకి సబ్లిమేషన్ తప్ప మరోటి వద్దు.

ఎంబ్రాయిడరీ పెట్టిస్తే పరువుగా ఉంటుంది కదా అంటారు పెద్దవాళ్ళు. ఉంటుంది. ట్రాక్‌సూటు మీద, టోపీ మీద, కాలరున్న దళసరి టీషర్టు మీద పెట్టించండి, నేనూ మెచ్చుకుంటాను. పలచటి ఆట చొక్కా మీద మూడంగుళాల లోగోకి కొన్ని వేల కుట్లు పడతాయి. బట్ట సాగుతుంది, కుట్టు సాగదు, చుట్టూ ముడతలు లేస్తాయి. ముడతలు రాకుండా వెనక ఫ్యూజింగ్ అనే బిర్రు గుడ్డ వేస్తే అది రొమ్ముకి గరగర గుచ్చుకుంటుంది. పెద్ద కంపెనీల పద్ధతి గమనించారా? అడిడాస్ లాంటివాళ్ళు మైదానంలో ఆడేవాడి చొక్కాకి పలచని హీట్ ప్రెస్ బ్యాడ్జీ వేసి, అభిమానులు కొనుక్కునే చొక్కాకి కుట్టుపని చేయిస్తారు. అభిమాని గ్యాలరీలో కూర్చుంటాడు, వాడికి అందం చాలు, ఉతుకులకి ఆగితే చాలు. మనవాళ్ళు ఆ అభిమాని చొక్కా చూసి, ఆటగాళ్ళకీ అదే కుట్టించమని వెంటపడతారు.

పోనీ పెద్దవాళ్ళు ఎప్పుడూ సరిగ్గా చేస్తారా అంటే, అబ్బే. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 2024లో కొత్త రకం తేలిక చొక్కాలు తెచ్చారు. వీపు మీద పేర్లు చిన్నవైపోయాయని, బూడిదరంగు చొక్కాల మీద చెమట మరకలు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయని ఆటగాళ్ళూ అభిమానులూ మండిపడ్డారు. మరుసటి ఏడాదికి అక్షరాలు మళ్ళీ పెద్దవయ్యాయి. చెమట లెక్క తప్పితే కోట్ల కంపెనీకైనా ఒకటే, మన ఫ్లెక్సీ షాపుకైనా ఒకటే.

వాలీబాల్ అంకెల సంగతి తొందరగా చెప్పేస్తాను. అంతర్జాతీయ నియమావళి ప్రకారం అంకె రొమ్ము మీద కనీసం 15 సెంటీమీటర్లు, వీపు మీద కనీసం 20 సెంటీమీటర్ల ఎత్తు, గీత కనీసం 2 సెంటీమీటర్ల మందం ఉండాలి. మన టోర్నమెంట్లన్నీ రాత్రిపూట ఫ్లడ్‌లైట్ల కింద కదా, నిగనిగలాడే వినైల్ అంకె మీద లైటు పడితే స్కోరరుకి తెల్లటి మచ్చ తప్ప ఏమీ కనపడదు. మెరుపులేని మ్యాట్ ఫినిష్ అడగండి. అంకెకి చొక్కా రంగుకి పడని అంచు గీత వేయిస్తే ఇంకా మేలు.

ఇక మన అక్షరాలు. ఈ విషయంలో నాకు కొంచెం పక్షపాతం ఉంది, దాచుకోను. చొక్కా మీద ఊరి పేరు తెలుగులో కనబడితే నాకు కడుపు నిండుతుంది. 1992 ప్రపంచకప్పులో క్రికెటర్లకి రంగు బట్టలూ వీపున పేర్లూ వచ్చిన దగ్గర్నుంచి పేరంటే ఇంగ్లీషే అన్నట్టు స్థిరపడిపోయింది. ఊరి టోర్నమెంటుకి ఎవరి నిబంధనా అడ్డు రాదు, తెలుగులో వేసుకోవచ్చు. కానీ దానికి తగిన పద్ధతి ఎంచుకోవాలి. రోమన్ అక్షరాలు ఒకే గీత మీద గోడ కట్టినట్టుంటాయి. మనవాటికి కింద ఒత్తులు, పైన గుడులు, పక్కన కొమ్ములు. అయిదు సెంటీమీటర్ల అక్షరం అనుకుంటే ఒత్తుతో కలిపి ఎనిమిదికి పోతుంది, కింద అంకెని గుద్దుకుంటుంది. వినైల్ కోసేటప్పుడు ఠ కడుపులో చుక్క, థ కడుపులో చుక్క మిషను కోస్తుంది గానీ, పీకేటప్పుడు అక్కర్లేని ముక్కతోపాటే ఊడొచ్చేస్తాయి. ఉన్నా అంత చిన్న ముక్కకి జిగురు పట్టు తక్కువ, రెండో ఉతుకుకి కాలవలో కలుస్తుంది. చిన్నక్షరాల ఎంబ్రాయిడరీలో ఒత్తు దారపుముడిలా కనబడుతుంది. సబ్లిమేషన్‌కీ డీటీఎఫ్‌కీ కత్తీ లేదు, కుట్టూ లేదు, అందులో తెలుగు పూర్తిగా నిలుస్తుంది. అక్షరం మాత్రం లావుపాటిది ఎంచుకోండి, పోస్టర్లకి వాడే అను ఫాంట్లలో అలాంటివి బోలెడు.

అచ్చుకి ఇచ్చే లోగో ఫైలు సంగతి కూడా చెప్పాలి. రైసుమిల్లు ఆయన తన లోగో వాట్సాప్‌లో పంపిస్తాడు. అది ఆయన ఫ్లెక్సీ ఫొటో తీసి, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, గ్రూపుల్లో తిరిగి తిరిగి వచ్చిన బొమ్మ. దాన్ని జానెడు పెద్దది చేస్తే అంచులన్నీ మెట్లు మెట్లుగా ఉంటాయి. ప్లాటరైతే ఆ మెట్లన్నీ శ్రద్ధగా కోస్తుంది. ఆయన బియ్యం సంచులు అచ్చువేసే ప్రెస్సు వాళ్ళ దగ్గర అసలు కోరల్ డ్రా ఫైలు ఉంటుంది, ఒక్క ఫోనుతో పనైపోతుంది. అంబాజీపేట కొబ్బరి వ్యాపారయినా, దుబాయ్‌లో ఉన్న మేనమామయినా, డబ్బిచ్చినవాళ్ళు తమ పేరు పెద్దదిగా ఉండాలంటారు, తప్పు లేదు. పెద్దగా వేయించండి, బట్టలో ఇంకేలా వేయించండి. చిన్నది కావాలన్నవాళ్ళకి అంటించండి.

ఉతుకు దగ్గరికి వచ్చేసరికి నా మాట ఇంట్లో ఆడవాళ్ళతో కాదు, కుర్రాళ్ళతోనే. ఎవరి చొక్కా వాళ్ళు ఉతుక్కోండి. అంటించిన బొమ్మ ఉంటే చొక్కా తిరగెయ్యండి, చన్నీళ్ళలో ముంచండి, బండకేసి బాదకండి. సువాసన వచ్చే కండిషనర్లు పొయ్యకండి, అవి పోగుల మీద పూతలా పేరుకుని చెమట పాకే దారి మూసేస్తాయి. అల్లవరం, అంతర్వేది వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఇళ్ళలో ఆఖరి జాడింపు మంచినీళ్ళతో చెయ్యండి. నీడన ఆరెయ్యండి. ఇస్త్రీ పెట్టె బొమ్మ మీద నేరుగా ఆనించారంటే జిగురు మళ్ళీ కరిగి బొమ్మ ఇస్త్రీ పెట్టెకే అంటుకుంటుంది, దాంతో మర్నాడు నాన్నగారి తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తే జరిగేది మీకే తెలుసు.

ఆర్డరిచ్చే ముందు ఒక్క నమూనా చొక్కా చేయించుకోండి. దాన్ని జట్టులో అందరికంటే ఎక్కువ చెమట పట్టేవాడికి తొడిగి ఓ సాయంత్రం ఆడించండి. ఇంటికొచ్చాక ఉతికి, ఆరాక లోగో పట్టుకుని రెండు పక్కలా సాగదీసి చూడండి, అంచుని గోరుతో గీకండి. తెల్లటి లోగో అయితే ఓ వారం ఆగి రంగు మారిందేమో చూడండి. సంక్రాంతి ఆటలకి ముందు ఆ వారం దొరకాలంటే కార్తీకమాసంలోనే షాపుకెళ్ళాలి. భోగి ముందు రోజు వెళ్ళినవాడికి రావులపాలెంలో ఏ షాపాయనా నమూనా చేసిపెట్టడు. ఆ రోజుల్లో ఆయన ప్రెస్సు మీద మూత లేస్తూ పడుతూనే ఉంటుంది, పక్కన ప్రభల తీర్థం ఫ్లెక్సీలు ఇంకా ఆరను కూడా ఆరవు.